కారు లైసెన్సును హెవీ చేయించుకోవడం ఎలా

ఆర్టీఏ ఆఫీసు మెట్లెక్కే ముందు మీరు నడపబోయే బండి ఆర్సీ ఒకసారి చేతిలోకి తీసుకోండి. అందులో గ్రాస్ వెహికల్ వెయిట్ అని ఒక అంకె ఉంటుంది. మనుషులూ సామానూ నిండాక బండి మొత్తం తూగే బరువు అది. ఆ అంకె 7,500 కిలోలు దాటకపోతే మీ దగ్గరున్న ఎల్‌ఎంవీ, అంటే కారు లైసెన్సే సరిపోతుంది, కిరాయికి తిరిగే పసుపు ప్లేటు బండైనా సరే. 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఈ సంగతి తేల్చేసింది. జడ్చర్ల దిక్కు కంపెనీలకు స్టాఫ్‌ను తిప్పే టెంపో ట్రావెలర్ల లాంటివి చాలామటుకు ఈ లెక్కలోకే వస్తాయి. అంకె దాటిందా, లైసెన్సులో ట్రాన్స్‌పోర్ట్ క్లాసు, అంటే మనం హెవీ అనేది, ఎక్కించుకోవాల్సిందే. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ సైజు బస్సు 16 టన్నులకు అటూ ఇటూ ఉంటుంది కాబట్టి దాని విషయంలో అనుమానమే అక్కర్లేదు.

సీట్లు లెక్కపెట్టి "చిన్న బస్సే కదా" అనుకునేవాళ్లు బడి బస్సుల దగ్గర ఎక్కువగా కనిపిస్తారు. చూడాల్సింది సీట్లు కాదు, బరువు. సరైన లైసెన్సు లేకుండా నడిపితే 5,000 రూపాయల జరిమానా, లేదంటే మూడు నెలల దాకా జైలు, లేదంటే రెండూ. తాళం చేతికిచ్చిన ఓనరుకూ అదే శిక్ష. జరిమానా ఎట్లాగో కట్టేయొచ్చు. యాక్సిడెంట్ అయితే మాత్రం బీమా కంపెనీ బాధితులకు ముందు చెల్లించి, ఆ సొమ్మంతా ఓనరు దగ్గర రాబట్టుకునే వీలుంది. అక్కడ పొలాలు అమ్ముకునే దాకా వస్తుంది.

తేదీల లెక్క

ఎల్‌ఎంవీ లైసెన్సు వచ్చి ఏడాది నిండాలి. మీకు 20 ఏళ్లు నిండాలి. రెండూ నిండితేనే ట్రాన్స్‌పోర్ట్ ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేవాళ్ల లైసెన్సు) ఇస్తారు. పద్దెనిమిది నిండగానే కారు లైసెన్సు తీసుకున్న కుర్రాడు ఏడాది కాగానే వస్తే పని కాదు, ఇంకో ఏడాది ఆగాలి. ఏడాది లెక్క కార్డు మీదున్న ఎల్‌ఎంవీ తేదీ నుంచే, బైకు లైసెన్సు తేదీ నుంచి కాదు. రెండు క్లాసులు వేర్వేరు సంవత్సరాల్లో ఎక్కించుకున్నవాళ్లు ఇక్కడే పొరపడుతుంటారు.

చదువు గురించి పాత మాట ఒకటి ఇప్పటికీ తిరుగుతోంది, ఎనిమిదో తరగతి పాసై ఉండాలని. ఆ నిబంధనను కేంద్రం 2019లో ఎత్తేసింది. లైసెన్సుకు చదువు అడ్డం కాదు. ఉద్యోగానికి అడ్డమవుతుంది, అది తర్వాత చూద్దాం.

ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది. అది చేతికొచ్చి 30 రోజులు నిండితే గానీ టెస్టుకు రానివ్వరు. డ్రైవింగ్ స్కూల్లో హెవీ శిక్షణ కూడా 30 రోజులకు తగ్గకూడదు. కాబట్టి రెండింటినీ ఒకేసారి మొదలుపెట్టండి. ముందు ఎల్‌ఎల్‌ఆర్ తీసుకుని, "పంట పని అయ్యాక నేర్చుకుందాం" అని నాలుగు నెలలు గడిపితే, ఒక్కసారి ఫెయిలయ్యేసరికి ఎల్‌ఎల్‌ఆరే చెల్లకుండా పోతుంది, ఫీజు మళ్లీ కట్టాలి.

కాగితాలు

ఒరిజినల్ లైసెన్సు, ఆధార్, ఫొటోలు, ఫారం 2 దరఖాస్తు, ఫారం 1ఏ మెడికల్ సర్టిఫికెట్. టెస్టు నాటికి వీటికి ఎల్‌ఎల్‌ఆర్, డ్రైవింగ్ స్కూల్ ఇచ్చే శిక్షణ సర్టిఫికెట్ ఫారం 5 తోడవుతాయి. స్లాట్ రవాణా శాఖ వెబ్‌సైట్‌లో మీరే బుక్ చేసుకోవచ్చు, లేదంటే మీసేవ ఉంది.

కేంద్రం నిబంధనల ప్రకారం ఫీజులు ఇవి: ఎల్‌ఎల్‌ఆర్‌కు 150, డ్రైవింగ్ టెస్టుకు 300, ఉన్న లైసెన్సులో కొత్త క్లాసు ఎక్కించడానికి 500 రూపాయలు. వీటి మీద రాష్ట్రం వేసే సర్వీస్ చార్జీలు, కార్డు, పోస్టు ఖర్చు కలుస్తాయి. మొత్తం ఎంతో స్లాట్ పేజీలోనే కనిపిస్తుంది. బయట ఎవరైనా "అంతా కలిపి ఇంత" అంటే, ఆ పేజీలో చూసిన అంకెను అందులోంచి తీసేయండి. మిగిలింది అతని జేబులోకి పోయేది.

కాగితాల దగ్గర పని ఆగేది ఎక్కువగా పేరు వల్లే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు మొదటి అక్షరమే ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, లైసెన్సులో ఆ ఇంటిపేరు పేరు చివరకు చేరి ఉంటుంది. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసుకుని, తేడా ఉంటే హెవీకి దరఖాస్తు చేయకముందే సరిచేయించుకోండి. రెండో అడ్డంకి పాత కార్డు. ఏపీ 22, ఏపీ 24 సిరీస్ నాటి లైసెన్సు మీ దగ్గరుంటే ఆ నంబరు ఆన్‌లైన్‌లో తెరుచుకుంటుందో లేదో మొదట చూడండి. తెరుచుకోకపోతే ముందు ఆ రికార్డు ఎక్కించుకోవడమే మీ మొదటి పని.

ఫారం 1ఏను సంతకం చేయించుకొచ్చే కాగితంగా చూడకండి. రవాణా శాఖ గుర్తించిన డాక్టరే ఇవ్వాలి. అందులో అడిగేవి సూటిగా ఉంటాయి: పట్టపగటి వెలుగులో 25 మీటర్ల దూరంలోని కారు నంబరు ప్లేటు చదవగలడా, ఎరుపూ ఆకుపచ్చా వేరు పట్టగలడా, రేచీకటి ఉందా, మామూలు హారన్ మోత వినపడుతుందా. అద్దాలు వాడేవాళ్లు అద్దాలతోనే చూపించుకోవచ్చు. రంగులు సరిగా పట్టలేని సంగతి కొందరికి ఈ పరీక్షలోనే మొదటిసారి తెలుస్తుంది. స్కూలుకు డబ్బు కట్టకముందే ఈ పరీక్ష అయిపోవడం మేలు.

30 రోజులు, 15 గంటలు

ట్రాన్స్‌పోర్ట్ బండికి శిక్షణ 30 రోజులు, అందులో స్టీరింగ్ మీ చేతిలో ఉండే సమయం 15 గంటలకు తగ్గకూడదు. ఇది కేంద్ర మోటారు వాహన నిబంధనల్లోని మాట. స్కూల్ దగ్గర ఫారం 15 అని ఒక రికార్డు ఉంటుంది. ఎవరు ఏ రోజు ఎంతసేపు నడిపారో అందులో రాయాలి. చేరే రోజే అది చూపించమనండి. ముఖం చాటేస్తే ఇంకో స్కూల్ వెతుక్కోండి. స్కూల్ లైసెన్సులో హెవీ క్లాసు ఉందా, బండికి రెండో బ్రేకూ క్లచ్చూ ఉన్నాయా, ఫిట్‌నెస్ తేదీ మిగిలి ఉందా అనేవి కూడా అప్పుడే చూసేయండి. బండి లారీయా బస్సా అన్నది లైసెన్సుకు అడ్డం కాదు. 1994 సవరణతో మీడియం, హెవీ, గూడ్స్, ప్యాసింజర్ క్లాసులన్నీ ట్రాన్స్‌పోర్ట్ అనే ఒక్క మాట కిందికి వచ్చాయి. అయినా బస్సు నడపాలనుకునేవాళ్లు బస్సు మీదే నేర్చుకోవాలి. ఎందుకో కింద చదివితే తెలుస్తుంది.

బండి ఎక్కకుండానే ఫారం 5 ఇప్పిస్తామనేవాళ్లు దొరుకుతారు. కాగితం దొరుకుతుంది, అలవాటు దొరకదు. కారు డ్రైవరుకు బస్సు కష్టమయ్యేది చేతకాక కాదు, చేతనైనది అడ్డం రావడం వల్ల.

మొదటిది మలుపు. కారులో ముందు చక్రాలు మీ కాళ్లకు ముందుంటాయి. చాలా బస్సుల్లో డ్రైవర్ సీటు ముందు చక్రాలకంటే కూడా ముందుకు ఉంటుంది. ఎడమ సందు మీ కంటికి ఎదురొచ్చినప్పుడు చక్రం ఇంకా మీటరుకు పైగా వెనకే ఉంది. కారు అలవాటుతో అక్కడే స్టీరింగ్ తిప్పితే బండి నడుం మూల మీదున్న పాన్ డబ్బాకు తగులుతుంది. మీ సీటు సందు మొదలును దాటిపోయాక, ముందు చక్రం ఆ చోటికి వచ్చిందని లెక్కేసుకుని, అప్పుడు తిప్పాలి. ఒళ్లు జంకుతుంది, ఎదుటి గోడ మీదికి పోతున్నట్టే ఉంటుంది. వారం రోజుల్లో ఆ జంకు పోతుంది.

రెండోది వెనక చక్రం కోత. పెద్ద బస్సుకు ముందు వెనక చక్రాల మధ్య దూరం 5.6 మీటర్ల దాకా ఉంటుంది. బిగుతు మలుపులో వెనక చక్రం ముందు చక్రం పోయిన దారిలో పోదు, ఒకటిన్నర మీటరుకు పైగా లోపలికి కోస్తుంది. చెబితే నమ్మబుద్ధి కాదు. ఊరి బయట ఖాళీ వెంచర్ రోడ్డు మీద, ఓనరు ఒప్పుకుంటే, ఇన్‌స్ట్రక్టర్‌ను పక్కన పెట్టుకుని ఇట్లా చేయండి. ఎడమవైపు ముందు, వెనక టైర్ల మీద రెండు బకెట్ల నీళ్లు కుమ్మరించి వెంటనే నెమ్మదిగా ఎడమకు మలపండి. దిగి చూస్తే రోడ్డు మీద రెండు తడి గీతలు వేరువేరుగా పడి ఉంటాయి. వాటి మధ్య మీ అడుగులతో కొలవండి. జంక్షన్లో ఎడమ పక్కన దూరిన బైకువాడు నిలబడే చోటు సరిగ్గా అదే. ఎడమ తిప్పే ముందు ఎడమ అద్దం, తిప్పుతున్నంత సేపూ ఎడమ అద్దం.

మూడోది తోక. వెనక చక్రాల తర్వాత ఇంకా మూడు మీటర్ల బండి ఉంటుంది. ఆగి ఉన్న చోటే స్టీరింగ్ పూర్తిగా ఎడమకు కొట్టి కదిలిస్తే ఆ తోక కుడివైపు అర మీటరు దాకా విసురుతుంది. బస్టాండు ప్లాట్‌ఫాం నుంచి తీసేటప్పుడు పక్క బస్సు అద్దాలు పగిలేది ఇందుకే. నాలుగు గజాలు తిన్నగా ముందుకొచ్చి, ఆ తర్వాత తిప్పండి. లారీకి ఇంత తోక ఉండదు, డ్రైవరూ దాదాపు చక్రం మీదే కూర్చుంటాడు. లారీ మీద నేర్చుకుని బస్సెక్కినవాళ్లు కొట్టే దెబ్బలన్నీ వెనక మూలకే తగులుతాయి.

ఎయిర్ సంగతి

కారు బ్రేకులో నూనె ఉంటుంది, బస్సు బ్రేకులో గాలి. స్టార్ట్ చేయగానే గేరు వేయకూడదు. గేజీ చూడండి. బండిని బట్టి కొంచెం తేడా ఉంటుంది గానీ, గాలి ఒత్తిడి ఐదు బార్ల కింద ఉన్నంతసేపూ బజర్ మోగుతుంది, అది ఆగాలి, ముల్లు ఏడు దాటి ఎనిమిది దగ్గరికి రావాలి. హ్యాండ్ బ్రేకు స్ప్రింగుతో పట్టి ఉంటుంది, గాలి నిండితేనే వదులుతుంది. గాలి చాలకుండా లాగితే బండి కదలదు, క్లచ్ మాత్రం కాలుతుంది. క్లచ్ వాసన వచ్చిన శిక్షణ బండి ఎవరి చేతిలో ఉందో ఇన్‌స్ట్రక్టర్ చూడకుండానే చెబుతాడు.

పెడల్‌ను కారులో లాగా పదేపదే నొక్కి వదిలితే వదిలిన ప్రతిసారీ గాలి బయటికి పోతుంది. దిగుడులో అట్లా చేస్తే కంప్రెసర్ నింపే వేగం కంటే మీరు ఖాళీ చేసే వేగం ఎక్కువవుతుంది. ఒక్కసారి పట్టి, ఒత్తిడి పెంచుతూ తగ్గిస్తూ పోవాలి. ఇంకోటి, గాలి పైపుల వెంట పోయి చక్రాన్ని పట్టడానికి అర సెకను పడుతుంది. 60 స్పీడులో సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతున్నారు, అంటే బ్రేకు పట్టకముందే ఎనిమిది మీటర్లు దాటిపోయాయి. ఆ ఎనిమిది మీటర్లూ ముందు బండికి మీరు వదిలే దూరంలో చేరాలి.

బస్సు ఆగే తీరు మీదే జనం డ్రైవర్ను లెక్కగడతారు. 2023 డిసెంబర్ 9న ఆడవాళ్లకు ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం మొదలయ్యాక పల్లెవెలుగుల్లో నిలబడేవాళ్లు పెరిగారు, చంకలో పిల్లతో ఒంటిచేత్తో కడ్డీ పట్టుకున్న తల్లులు ఉంటారు. స్టాపు దూరంగా కనిపించినప్పుడే బ్రేకు మొదలుపెట్టండి, చివరి రెండు గజాల్లో పెడల్‌ను వెంట్రుకవాసి వదలండి. బండి తలవంచకుండా ఆగుతుంది. శిక్షణలో బానెట్ మీద మూత లేని సగం నీళ్ల గ్లాసు పెట్టుకుని ఇది సాధన చేయొచ్చు, బానెట్ తడవని రోజు మీకు వచ్చినట్టు.

న్యూట్రల్‌లో దిగడం డీజిల్ ఆదా అనుకుని నేర్పేవాళ్లు ఇంకా ఉన్నారు. వినకండి. మన్ననూరు దాటాక దోమలపెంట మీదుగా శ్రీశైలం డ్యాం దిక్కు దిగే ఘాటులో ఇంజను పట్టు లేకపోతే బరువంతా బ్రేకు డ్రమ్ముల మీదే పడుతుంది. డ్రమ్ము వేడెక్కి వ్యాకోచిస్తుంది, లైనింగు జారుతుంది, పెడల్ తొక్కినా బండి ఆగదు. ఎక్కేటప్పుడు ఏ గేరు పడుతుందో దిగేటప్పుడూ అదే గేరు, తోడుగా ఇంజను పొగ దారిని మూసి బండిని పట్టే ఎగ్జాస్ట్ బ్రేకు. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అమ్రాబాద్ అడవి దారి మూసేస్తారు కాబట్టి అక్కడికి పోయే ట్రిప్పుకు సమయం కూడా లెక్కేసుకోవాలి.

నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట పల్లె రోడ్ల మీద వడ్లు కోసే రోజుల్లో సగం రోడ్డు కల్లమైపోతుంది. రాత్రి వడ్ల కుప్ప మీద నల్ల పరదా, దాని చుట్టూ రాళ్లు. డిమ్ములో తారుకీ పరదాకీ తేడా తెలియదు. కారైతే తప్పించవచ్చు, రెండున్నర మీటర్ల వెడల్పు బస్సుకు ఎదురుగా ట్రాక్టర్ ఉంటే తప్పుకునే చోటుండదు. ఆ నెలల్లో పల్లె రోడ్డు మీద రాత్రి 40 దాటకపోవడమే పద్ధతి.

టెస్టు రోజు

టెస్టు బండి మీరు దరఖాస్తు చేసిన క్లాసుదే కావాలి. చాలామంది స్కూల్ బండే తీసుకెళ్తారు. ఆర్సీ, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాగితాల్లో ఒక్కదాని తేదీ అయిపోయినా బండిని లోపలికి రానివ్వరు, మీ స్లాట్ పోతుంది. ముందు రోజు సాయంత్రమే ఫోన్లో ఫొటోలు తెప్పించుకోండి. ముందూ వెనకా ఎల్ బోర్డు ఉండాలి: 18 సెంటీమీటర్ల తెల్ల పలక, ఎర్ర అక్షరం.

ఇన్‌స్పెక్టర్ చూసేవి మీరు బండి ఎక్కకముందే మొదలవుతాయి. పాతకాలం వాళ్లు ఆయన్ను బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అనేది ఊరికే కాదు. చుట్టూ ఒకసారి తిరగండి, టైర్లు చూడండి, కింద నూనె కారిందేమో చూడండి. ఎక్కి సీటు, అద్దాలు సరిచేసుకోండి, బెల్టు పెట్టుకోండి, ఎయిర్ నిండేదాకా ఆగండి. ఆ ఆగడం చూస్తేనే ఆయనకు సగం అర్థమైపోతుంది. తర్వాత గేర్లు మారుస్తూ నడపడం, సిగ్నలిచ్చి మలపడం, ఎత్తులో ఆపి వెనక్కి జారకుండా కదిలించడం, రివర్సులో ఇరుకు చోటికి ఎక్కించడం ఉంటాయి.

రివర్సులోనే ఎక్కువమంది పోతారు, కారణం తొందర. క్లచ్ మీద నడిపేంత నెమ్మదిగా పోవాలి, రెండు అద్దాలూ మార్చి మార్చి చూడాలి. తోక కుడికి పోవాలంటే స్టీరింగ్ కుడికే. గందరగోళమైతే ఆపేయండి, ఆపితే తప్పు కాదు. గీత తాకితే తప్పు. ఎత్తులో హ్యాండ్ బ్రేకు వేసి, ఇంజను లోడు తీసుకున్న శబ్దం మారేదాకా క్లచ్ వదిలి, అప్పుడు బ్రేకు తీయండి.

ఫెయిలైతే ఏడు రోజుల తర్వాత మళ్లీ రావచ్చు. మూడుసార్లు పోతే 60 రోజులు ఆగాలి.

కార్డు వచ్చాక

కార్డు మీద రెండు చెల్లుబాటు తేదీలు ఉంటాయి, నాన్ ట్రాన్స్‌పోర్టుది ఒకటి, ట్రాన్స్‌పోర్టుది ఒకటి. పెద్ద తేదీ చూసి నిశ్చింతగా ఉండిపోతారు. ట్రాన్స్‌పోర్టుది ఐదేళ్లే. గడువు తీరాక 30 రోజుల వెసులుబాటు అంటూ ఒకప్పుడు ఉండేది, 2019 సవరణలో అది పోయింది. గడువుకు ఏడాది ముందు నుంచే రెన్యువల్ చేసుకోవచ్చు, ప్రతిసారీ ఫారం 1ఏ కొత్తది కావాలి. గడువు దాటి ఏడాది గడిస్తే మళ్లీ టెస్టు.

ఇక ఉద్యోగం. లైసెన్సు కొత్తగా రాగానే ఆర్టీసీ నోటిఫికేషన్‌కు పనికొస్తుందనుకోకండి. 2025లో ఆర్టీసీకి 1,000 డ్రైవర్ పోస్టులకు వచ్చిన నోటిఫికేషన్‌లో పదో తరగతితో పాటు హెవీ లైసెన్సు 18 నెలలుగా చేతిలో ఉండాలని అడిగారు. అందుకే ఎప్పటికైనా ఆర్టీసీ అనుకునేవాళ్లు లైసెన్సు ముందే తీసుకుని, మధ్యలో గడువు తెగకుండా చూసుకోవాలి. బడి బస్సులకు ఐదేళ్ల హెవీ అనుభవం అడుగుతారు, ఆ బండ్ల స్పీడు గవర్నర్ 60కి బిగించి ఉంటుంది, మిగతా బస్సులకు 80. ఈలోగా చేయి తిరగడానికి దొరికేవి కంపెనీ స్టాఫ్ బస్సులు, డిపోలకు అద్దెకు తిరిగే ప్రైవేటు బండ్లు. ఎక్కడ చేరినా పని మొదలైన తేదీ, బండి రకం రాసి ఓనరు సంతకంతో ఒక అనుభవ పత్రం తీసుకుని పెట్టుకోండి. మానేసిన ఏడాదికి పోయి అడిగితే ఓనరు మారి ఉంటాడు, లేదా బండే అమ్ముడుపోయి ఉంటుంది.